పన్నెండో మంచం కింది సీసా

రండి, ముందుకు జరిగి కూర్చోండి. గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ఇటు రండి, నా గొంతు అంత దూరం రాదు. చేతుల్లో పని ఉంటే ఉండనివ్వండి, చెవులు మాత్రం కాసేపు నాకివ్వండి.

పైనున్న ఆ దయగలవాడు మన గుండెను ఊరికే పంపలేదు. దాని చుట్టూ ఒక పల్చటి సంచీ కట్టాడు. కొట్టుకునేటప్పుడు ఒరుసుకోకుండా ఆ సంచీలో నాలుగైదు చెంచాల నీళ్ళు పోశాడు. చెంచాల్లో ఉన్నంతకాలం ఆ నీళ్ళు ఉన్నాయన్న సంగతే మనకు తెలియదు. గ్లాసులకొద్దీ ఊరాయా, అప్పుడు తెలుస్తుంది. పోయే దారి లేక అవి గుండెనే నొక్కేస్తాయి. మనిషి వెల్లకిలా పడుకోలేడు, నాలుగడుగులు వేయలేడు, మెడ నరాలు తాళ్ళలా ఉబ్బుతాయి.

అలాంటివాళ్ళను చేర్చుకునే వార్డు ఒకటి ఉంది. రెండో అంతస్తులో, వరండా చివర, పద్నాలుగు మంచాలు. డాక్టరమ్మ స్కాన్ మిషన్‌లో చూసుకుంటూ రొమ్ము ఎముక కింద సూది గుచ్చి, సన్నటి పైపు లోపలికి జరిపి, రెండో కొసను మంచం కింద సీసాకు కలుపుతుంది. ఇక చుక్కా చుక్కా దిగుతూనే ఉంటుంది. రోజూ పొద్దున్న ఆ సీసా తీసి ఖాళీది పెట్టాలి, ఎంత దిగిందో చార్టులో రాయాలి, దిగినదాన్ని సింకు గదిలో పారబోయాలి. రోజుకు ముప్పై మిల్లీలీటర్లకు లోపు దిగితే పైపు తీసేస్తారు. అంతకు మించి దిగుతుంటే ఉంచుతారు. ఆ వార్డులో బతుకంతా ఆ ఒక్క అంకె మీదే నడుస్తుంది.

చూడ్డానికది అరలీటరు సీసా. కానీ లోపలున్నది గుండె చుట్టూ ఊరిన నీళ్ళు కదా, ఒక్కరు ఎత్తలేరు. ఇద్దరు ఆయాలు చెరోవైపు పట్టుకుని, మధ్యలో రెండుసార్లు కింద దించి ఊపిరి తీసుకుంటూ మోయాలి. మంచాలకు పెట్టిన కొక్కేలు అందుకే బండ ఇనుముతో చేయించారు. బస్తాలు మోసే మనిషొకడు తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చి, ఇంత సీసాకి ఇద్దరెందుకమ్మా అని వంగి పట్టుకుని, నడుం పట్టేసి పక్క వార్డులో చేరాడు.

అయితే ఆ నీళ్ళు ఎవరి మూలంగా ఊరాయో, ఆ మనిషి చేతికి మాత్రం దూదిలా లేస్తాయి. ఇది ఆ వార్డులో అందరికీ తెలిసిన సంగతే, బీపీ సంగతి తెలిసినట్టే. ఒకసారి ఒక పెద్దావిడ కోడలి సీసాను రెండు వేళ్ళతో ఎత్తింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా మర్యాదగా కిటికీ వైపు తిరిగి, వాన వచ్చేలా ఉందే అనుకున్నారు. ఎండ మండిపోతోంది. అలాంటప్పుడు చూడనట్టు ఉండటం అక్కడి మర్యాద.

ఈ కథ ఆ సీసాలు మోసిన ఆయాది.

ఆమె వయసు యాభై ఏడు. అందరూ తూకమత్త అనేవారు. ఇరవై రెండేళ్ళు మోసీ మోసీ ఆమె చెయ్యే కొలతైపోయింది మరి. నీళ్ళలో కాస్త నెత్తురు డాలు కనిపిస్తే రోగులు బెదిరిపోతారని సీసాలకు ఆకుపచ్చ గుడ్డ సంచీలు తొడిగేవారు. సంచీ విప్పి, గీతలు చూసి, మళ్ళీ తొడగడం పెద్ద పని. ఆమె మాత్రం తోటి ఆయాతో కలిసి సీసా లేపుతూనే, "నూట ఎనభై" అనేది. మొదట్లో సిస్టర్లు విప్పి చూసేవారు. సరిగ్గా నూట ఎనభై ఉండేది. ఒక ఏడాది చూశారు, రెండేళ్ళు చూశారు, ఆ తర్వాత చూడటం మానేశారు. వాళ్ళు మానేశాక ఆమె కూడా మానేసింది.

ఆమె అలసట ఒక రోజుది కాదు. నిద్రతో పోయేదైతే ఎప్పుడో పోయి ఉండును.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆమె భర్తకు గుండె నొప్పి వచ్చింది. ఆమె వీధి చివరి దుకాణానికి పరిగెత్తి, ఫోన్ చేసి, ఇంటి నంబరు, వీధి పేరు చెప్పి అంబులెన్సు పంపమంది. పది నిమిషాల దారి. వచ్చేసరికి నలభై నిమిషాలైంది. అప్పటికి అయిపోయింది. తర్వాత కాగితాల కోసం ఆసుపత్రికి వెళితే గుమాస్తా పుస్తకం ఆమె వైపు తిప్పి చూపించాడు. ఆలస్యానికి కారణం అన్నచోట రాసి ఉంది: చిరునామా తప్పు చెప్పారు.

లేదు, నేను సరిగ్గానే చెప్పానని ఆమె అనలేకపోయింది. ఆ కంగారులో తన నోట ఏమొచ్చిందో ఆమెకే గుర్తులేదు. నలభై ఏడు అన్నానా, డెబ్బై నాలుగు అన్నానా? కొన్నాళ్ళకు అదే ఆసుపత్రిలో ఆయాగా చేరింది. నేల తుడుస్తూ నలభై ఏడు అనుకునేది. దుప్పట్లు మడుస్తూ డెబ్బై నాలుగు అనుకునేది. ఆ రోజు బండి తోలిందెవరని ఎవరినీ అడగలేదు. తప్పు తనదైనప్పుడు డ్రైవరు ఎవరైతే ఏం?

ఇక పన్నెండో మంచం సంగతి.

పన్నెండో మంచం మీదున్నది ఆ ఆసుపత్రి పాత అంబులెన్సు డ్రైవరే. ఉద్యోగం అయిపోయి ఐదేళ్ళు. అందరూ బాబాయ్ అనేవారు. మూడు నెలల్లో అతనికి నీళ్ళు తీయడం ఇది మూడోసారి, ముందు రెండుసార్లూ సూదితోనే తీసి పంపేశారు. పరీక్షలన్నీ చేశారు, కారణం దొరకలేదు. తీస్తే ఊరతాయి, ఊరితే మళ్ళీ తీయాలి. మళ్ళీ ఊరితే మాత్రం ఛాతీ తెరిచి నీళ్ళు బయటికి పోయేలా గుండె సంచీకే కిటికీ కోయాలని డాక్టరమ్మ చెప్పింది. ఊపిరితిత్తులు బలహీనం, మత్తుకు తట్టుకోకపోవచ్చని అతని భార్యను పక్కకు పిలిచి చెప్పింది.

ఆ ఇల్లాలు నోరున్న మనిషి, మంచి మనిషి. వచ్చిన రోజే సీసా ఎత్తబోయింది. అంగుళం కూడా కదల్లేదు. మర్నాడు చీర చెంగు బిగించి మళ్ళీ ప్రయత్నించింది. స్టూలు మీద కూలబడి తూకమత్తతో, "ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను అక్కా. ఎన్ని మాటలన్నాను, ఎన్నిసార్లు అలిగి పుట్టింటికి పోయాను! నా మూలంగా ఒక్క చుక్క కూడా ఊరలేదంటే నేనేమనుకోవాలి చెప్పు?" అంది.

"అదృష్టవంతురాలివనుకో," అంది తూకమత్త.

డ్రైవరు మాత్రం ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె వార్డులోకి వస్తే గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకునేవాడు. ఉద్యోగం పోయినా బెట్టు పోలేదు అనుకుని ఆమె తన పని తాను చేసుకుపోయేది.

ఆ వారం ఇలా గడిచింది. మొదటి రోజు సూదితో ఏడు వందలు తీశారు. తర్వాత పైపులోంచి మూడు వందల నలభై, రెండు వందల పది, నూట ఇరవై. ఆ మూడు రోజులూ తూకమత్తది రాత్రి డ్యూటీ, పొద్దున్న సీసాలు తీసినవాళ్ళు గీత చూసి చెప్పిన అంకెలివి. తగ్గుతోందని అందరికీ కాస్త ఊపిరాడింది. నాలుగో రోజు సాయంత్రం జ్వరం తగిలింది. పైపు ఎక్కువ రోజులుంటే చీము పడుతుందని డాక్టరమ్మ భయం. స్కాన్ మిషన్ బాగుచేతకు వెళ్ళింది, మర్నాటి సాయంత్రానికి గానీ రాదు. రేపు పొద్దున ముప్పైకి లోపుంటే తీసేద్దాం అని చెప్పి వెళ్ళింది.

ఐదో రోజు పొద్దున తోటి ఆయా రాలేదు, మోకాలు వాచిందట. తూకమత్త ఒక్కతే మిగిలింది. పదమూడు సీసాలు వార్డుబాయ్‌ను బతిమాలి, అతని విసుగు భరించి, చెరో చెయ్యీ వేసి మోసింది. అతను టీకి పోయాడు. పన్నెండో మంచం సీసా ఒక్కటీ మిగిలింది. కనీసం నేల మీద లాగుదామని వంగి, కాళ్ళు ఎడంగా పెట్టి, పళ్ళు బిగించి ఒక్క గుంజు గుంజింది.

సీసా చేతిలోకి వచ్చేసింది. ఆమె వెనక్కి తూలి పక్క మంచానికి కొట్టుకుంది.

"ఏమీ లేదమ్మా ఇందులో," అంది సిస్టర్‌తో. "ఇరవై ఉంటుందేమో."

"నీ నోట్లో చక్కెర పొయ్య అత్తా," అంటూ సిస్టర్ చార్టులో ఇరవై అని రాసింది. డ్రైవరు భార్య రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టుకుంది. డాక్టరమ్మకు కబురు వెళ్ళింది. తూకమత్త ఖాళీ సీసా తగిలించి, తీసినదాన్ని చంకలో పెట్టుకుని వరండా వెంట నడిచింది. ఇక ఈ ఒక్కటీ పారబోస్తే కాసేపు కూర్చోవచ్చు అనుకుంది.

మీరడగొచ్చు, ఆమెకు అనుమానం రాలేదా అని. ఎందుకొస్తుంది చెప్పండి? ఇరవై రెండేళ్ళలో ఏ సీసా ఆమె చేతికి తేలిగ్గా రాలేదు. ఆమె మూలంగా గుండెలో నీళ్ళు ఊరేటంత మనిషి ఈ లోకంలో ఉన్నాడని ఆమె అనుకోలేదు. తేలిగ్గా ఉంటే తక్కువుందని అర్థం. ఆమె చేతికి తెలిసిన లెక్క అదొక్కటే.

సింకు గదిలో సంచీ విప్పకుండానే మూత తీసి వంచింది. నీళ్ళు పడ్డాయి. ఇరవై అయితే ఒక్క గుక్కలో అయిపోవాలి. పడుతూనే ఉన్నాయి. సన్నగా, పసుప్పచ్చగా, కాస్త నెత్తురు డాలుతో ధార ఆగకుండా దిగుతోంది. ఆమె గభాలున సీసా నిలబెట్టి సంచీ లాగేసింది. మూడు వందల గీత దగ్గరుంది. అప్పటికే వంద పోయింది.

నాలుగు వందలు. తగ్గలేదు, పెరిగింది.

అక్కడ ఆమె కాసేపు నిలబడిపోయింది. ఎంతసేపో నేను చెప్పలేను గానీ, ఆ కాసేపట్లో ఆమెకు తోచింది మాత్రం చెప్పగలను. సీసా మళ్ళీ వంచితే నీళ్ళు పోతాయి. ఎవరికీ తెలియదు. సాయంత్రానికో రేపటికో అతనికి మళ్ళీ ఊరితే, రోగం తిరగబెట్టిందంటారు. మూడుసార్లు తిరగబెట్టిన రోగమేగా! ఆమెకు ఉద్యోగం ఇక మూడు నెలలు. గీతలు చూడకుండా అంకెలు చెప్పిందని తెలిస్తే, ఇరవై రెండేళ్ళ అంకెల మీదా అనుమానం పడుతుంది. చిరునామా తప్పు చెప్పిన మనిషి ఇదీ తప్పే చెప్పిందంటారు. ఎవరూ అనకపోయినా తను అనుకుంటుంది. కాళ్ళు పీకుతున్నాయి. సింకు పక్కన స్టూలు ఖాళీగా ఉంది.

దేవుడు ఆమెకు ఏ సైగా చేయలేదు. చేశాడని చెబితే కథకు బాగుంటుంది గానీ, చేయలేదు. కుళాయి కారుతోంది, అంతే. ఆమె మూత బిగించి వెనక్కి తిరిగింది.

తిరిగి, పరిగెత్తింది. యాభై ఏడేళ్ళ మనిషి, చెప్పులు వదిలేసి, ఇద్దరు మోసే సీసా ఒంటి చేత్తో పట్టుకుని వరండా పొడవునా పరిగెత్తింది. ఆ వరండాలో ఆ దృశ్యం ఎవరూ ఎన్నడూ చూడలేదు. మందుల బండి తోస్తున్నవాడు బండి పక్కకు లాగి గోడ వైపు తిరిగాడు. లిఫ్టు మనిషి తల దించుకున్నాడు. వార్డుబాయ్ టీ గ్లాసుతో ఎదురొచ్చి, సీసాను చూసి, ఆమె ముఖం చూసి, కిటికీలోంచి ఆకాశం చూడటం మొదలుపెట్టాడు. ఆమెకు తప్ప అందరికీ అర్థమైపోయింది.

పన్నెండో మంచం దగ్గర డాక్టరమ్మ చేతి తొడుగులు వేసుకుని ఉంది. ప్లాస్టరు ఊడదీశారు, కుట్టు కత్తిరించారు, డ్రైవరును ఊపిరి బిగపట్టమన్నారు.

"ఆగండమ్మా," అంది తూకమత్త. "నేను తప్పు చెప్పాను. ఇరవై కాదు, నాలుగు వందలు."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. ఊపిరి వదలమని అతనికి చెప్పి ఇటు తిరిగింది. అలసిన ముఖమే ఆమెదీ, ముప్పై గంటలుగా డ్యూటీలో ఉంది. "గీత చూడకుండానే చెప్పారా?"

"చూడలేదమ్మా. చేతిని నమ్మాను. చాలా ఏళ్ళుగా చూడటంలేదు."

తనూ చూడలేదని సిస్టర్ గొణిగింది. డాక్టరమ్మ ఏదో గట్టిగా అనబోయి సీసా కోసం చెయ్యి చాచింది. తూకమత్త అందించింది. అందుకున్న మరుక్షణం డాక్టరమ్మ భుజం కిందికి గుంజుకుపోయింది. సిస్టర్ పరిగెత్తుకొచ్చి రెండో వైపు పట్టుకోకపోతే సీసా నేల పాలయ్యేది. ఇద్దరూ కలిసి దాన్ని మెల్లగా దించారు.

పద్నాలుగు మంచాల వాళ్ళూ, చూడ్డానికొచ్చినవాళ్ళూ ఒక్కొక్కరే కిటికీల వైపు తిరిగారు. వాన వచ్చేలా ఉందని మాత్రం ఎవరూ అనలేదు. తూకమత్త సీసా వైపు చూసింది. తన చేతి వైపు చూసుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకు.

"నాకా?" అంది.

గోడ వైపు ముఖం తిప్పుకుని ఉన్న డ్రైవరు ఇటు తిరిగాడు. ఈ వారంలో అతను ఆమె ముఖం చూడటం అదే మొదలు.

"నువ్వు నంబరు సరిగ్గానే చెప్పావు చెల్లెమ్మా," అన్నాడు. "నలభై ఏడు. రెండుసార్లు చెప్పావట. చీటీ మీద రాసి నా చేతికిచ్చారు."

మిగిలినది అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. ఆ రోజు రెండో డ్రైవరు రాలేదు. ముందురోజు పొద్దుటి నుంచి అతనే తోలుతున్నాడు. దారిలో కళ్ళు మూతలు పడ్డాయి. ఎవరినైనా గుద్దేస్తానేమోనని బండి చెట్టు నీడన ఆపాడు. రెండు నిమిషాలే అనుకున్నాడు. లేచి చూస్తే అరగంట. తిరిగొచ్చాక పుస్తకంలో కారణం రాయమంటే, నిద్రపోయాను అని రాయడానికి చెయ్యి రాలేదు. కొన్నాళ్ళకు ఆమె ఇదే ఆసుపత్రిలో చేరింది. రోజూ వరండాలో కనబడేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ పదిహేడేళ్ళ ఉద్యోగం, ఐదేళ్ళ విశ్రాంతి గడిచిపోయాయి.

అతని భార్య లేచి తన స్టూలు తూకమత్త వైపు జరిపింది.

తూకమత్త ఏడవలేదు. అరవనూ లేదు. క్షమించాననో, నీ పాపం నీదనో అంటుందని వార్డంతా వీపులతో వింటోంది. ఆమె ఒక్క ప్రశ్న అడిగింది.

"నలభై ఏడనే చెప్పానా?"

"నలభై ఏడే చెప్పావు."

ఆమె స్టూలు లాక్కుని అతని మంచం పక్కన కూర్చుంది. డ్యూటీలో ఆయా కూర్చోకూడదు. ఎవరూ లేవమనలేదు. డాక్టరమ్మ పైపు మళ్ళీ కుట్టి, ప్లాస్టరు అతికించి, చార్టులో ఇరవై కొట్టేసి నాలుగు వందలు రాయించింది. జ్వరానికి మందు మార్చింది. వెళ్తూ వెళ్తూ, "రేపటి నుంచి గీతలు చూడండి," అంది, సిస్టర్‌కూ తూకమత్తకూ కలిపి. అంతే. డ్రైవరు సిస్టర్‌ను కాగితం అడిగాడు. ఆ పాత పుస్తకం ఇప్పుడెక్కడుందో గానీ, అందులో రాసినది అబద్ధమని రాయించి, కింద సంతకం చేసి తూకమత్తకు ఇచ్చాడు. ఆమె చదవలేదు. నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

మర్నాడు గీత చూస్తే నూట పది. ఆ సీసా తూకమత్త ఒక్కతే ఎత్తబోయింది. కదల్లేదు. ఇద్దరు పట్టుకుని, మధ్యలో రెండుసార్లు దించి మోయాల్సి వచ్చింది. ఆ తర్వాత యాభై, ఆ తర్వాత ఇరవై రెండు. స్కాన్ మిషన్ కూడా వచ్చింది, అందులోనూ చూసుకుని డాక్టరమ్మ పైపు తీసింది. నాలుగోసారి ఊరలేదు. డ్రైవరు తన కాళ్ళతో మెట్లు దిగి వెళ్ళాడు. తూకమత్తతో అతనికి స్నేహం కుదిరిందా అంటే, లేదు. కుదరాలని రాసేమీ లేదు. తర్వాత ఆమె ఎప్పుడు కనబడినా అతను ముఖం తిప్పుకోలేదు, అది చాలు.

ఆమె మిగిలిన మూడు నెలలూ పని చేసింది. వంగి, సంచీ విప్పి, కళ్ళు చికిలించి గీత చూసి, అప్పుడు చెప్పేది. అలసిపోయేది, ఇంటికెళ్ళేది, పడుకునేది. నిద్ర పట్టేది.

ఇక లేవండి, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. వెళ్ళేముందు ఒక్క మాట. ఈ కథ మీ ఇంట్లో చెప్పేటప్పుడు నీళ్ళ బరువు సంగతి మరిచిపోయినా ఫరవాలేదు, డ్రైవరు నిద్ర సంగతి మరిచిపోయినా ఫరవాలేదు. ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి. ఎవరూ చూడని గదిలో, పక్కన స్టూలు ఖాళీగా ఉండగా, కాళ్ళు పీకుతుండగా, ఆ ఆయా సీసా మూత బిగించి వెనక్కి తిరిగింది. అది నలుగురికీ చెప్పండి. మీకూ అలాంటి గది ఎదురైన రోజున, మీరూ వెనక్కి తిరగండి.